మామగారి తల

ఆ ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళ దుకాణాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్టేషనుకు వెళ్ళి తన తండ్రిని తీసుకొచ్చేలోగా ముందుగది దుమ్ము దులపాలి. తర్వాత కిటికీ పక్క కుర్చీలో కాసేపు కునుకు తీయాలి. వసంతం వచ్చి ఊరంతా చిగుళ్ళు వేస్తున్నా ఆ కిటికీ తెరిచే వీలు మాత్రం లేదు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో వీధి వీధంతా చెత్త పోస్తోంది. తెరిస్తే గాలికన్నా ముందు వాసన వస్తుంది.

దుమ్ము దులపవలసిన వాటిలో ముఖ్యమైనది మామగారి తల. ఆయన స్టేషన్ మాస్టరుగా రిటైరైనప్పుడు తోటి ఉద్యోగులు మెడ వరకూ ప్లాస్టరు విగ్రహం చేయించి బహూకరించారు. ఆయన దాన్ని కూతురికి ఇచ్చేశాడు. ఆమె బీరువా మీద పెట్టి రోజూ తుడుస్తుంది. పెళ్ళయిన నాటి నుంచీ అల్లుడు ఆ చూపు కిందే భోంచేస్తున్నాడు, ఆ చూపు కిందే పేపరు చదువుతున్నాడు.

కళ్ళజోళ్ళలో కంటికి ఆనని మరలను కూడా వణకకుండా బిగించే చేతులు అల్లుడివి. సరిగ్గా ఆ చేతుల్లోంచే తల జారింది. ముక్కు కుర్చీ కిందికి పోయింది, చెవి గుమ్మం దాటింది, మిగతా ముఖం నేల మీద నుంచి ఆయన్నే నిలదీస్తున్నట్టు చూసింది.

చెత్తకుప్పలో పారేద్దామంటే వీధిలో అందరూ ఆ బీరువా మీద చూసిన ముఖం. దారిన పోయేవాళ్ళు పలకరించినా పలకరిస్తారు. పాతిపెట్టడమే మేలనుకుని ముక్కలన్నీ గోనెసంచిలో వేసి, గునపం కోసం పక్కింటి రిటైర్డు బస్సు డ్రైవరు తలుపు తట్టాడు. ఎందుకని ఆ పెద్దాయన అడిగాడు. అడుగుతాడని ఈయన అనుకోలేదు. నోటికొచ్చిన మాట అనేశాడు.

"వెనక స్థలంలో ఒక మొక్క నాటుదామని."

 డ్రైవరు లోపలికి వెళ్ళి గునపంతో పాటు పార కూడా తెచ్చాడు. "ఇన్నేళ్ళుగా ముక్కు మూసుకుని తిరగడమేగానీ మాలో ఒక్కడికీ ఈ బుద్ధి పుట్టలేదు తమ్ముడూ. పద, నేనూ వస్తా," అన్నాడు.

వద్దంటే వినే మనిషి కాడు. గొయ్యి జానెడు లోతైనా కాలేదు, పై అంతస్తులో ఉండే ఆసుపత్రి నర్సమ్మ కిటికీలోంచి తొంగిచూసి ఏం జరుగుతోందని అడిగింది. బస్సు దిగే చివరి ప్రయాణికుడికి కూడా వినపడేలా మాట్లాడటం డ్రైవరుకు అలవాటు. మన కళ్ళజోళ్ళాయన ఇక్కడ తోట వేస్తున్నాడని చెప్పాడు. చెప్పిన గొంతుకు వీధిలో సగం తలుపులు తెరుచుకున్నాయి. ఒక మొక్క తోటగా మారడానికి అంతకన్నా సమయం పట్టలేదు.

మొదట పారలు వచ్చాయి, ఆ వెనకే తట్టలు, చీపుళ్ళు వచ్చాయి. వీధి చివర ఇటుకల వ్యాపారి చెత్త మోయడానికి తన ట్రాక్టరే పంపాడు. కళ్ళజోళ్ళాయన ఎన్నికల్లో నిలబడుతున్నాడని ఒకరన్నారు. డాక్టరు ఎండలో పనిచేయమన్నాడట పాపం అని ఇంకొకరు జాలిపడ్డారు. కారణం ఏదైతేనేం, వచ్చినవాళ్ళెవరూ చేతులు కట్టుకుని నిలబడలేదు. నర్సమ్మ రాత్రి డ్యూటీ దిగి ఇంకా నిద్రపోలేదు. అయినా చేతులకు తొడుగులు వేసుకుని గాజుపెంకులన్నీ తానే ఏరింది, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు.

కళ్ళజోళ్ళాయన ప్రాణం మాత్రం గోనెసంచిలో ఉంది. దాన్ని ఒక కంట కనిపెడుతూనే తవ్వుతున్నాడు. డ్రైవరు పక్కకు జరపబోయి, ఇంత బరువేమిటని అడిగాడు.

"ఎరువు," అన్నాడాయన.

"రాయిలా ఉందే?"

"పాత ఎరువు."

ఎండ ముదిరేసరికి కుప్ప తరిగి నేల బయటపడింది. నల్లటి, మెత్తటి మట్టి. అంత చెత్త కింద ఇన్నేళ్ళూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టుంది. పార తగిలిన చోట ఒక వానపాము మెలికలు తిరుగుతూ బయటికొస్తే పెద్దవాళ్ళు కూడా వంగి చూశారు. నర్సమ్మ తన కిటికీలో ఎండ చాలక గిడసబారిన నిమ్మ మొక్కను డబ్బాతో సహా కిందికి తెచ్చింది. దాన్ని చూసి ప్రతి ఇంటి నుంచీ ఒక కుండీ బయల్దేరింది. కళ్ళజోళ్ళాయన అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంత మంది తన అబద్ధాన్ని నమ్మి చెమటోడుస్తుంటే మొదట్లో తల ఎత్తలేకపోయాడు. తర్వాత తర్వాత పనిలో పడి సంచి సంగతే మరిచిపోయాడు. అదే కొంప ముంచింది.

రైలు ఆలస్యమై, భార్య తండ్రితో వచ్చేసరికి వీధిలో ఒక్క మనిషి లేడు, అందరూ వెనక స్థలంలోనే ఉన్నారు. ఇదంతా మీ అల్లుడి పుణ్యమేనని డ్రైవరు పొంగిపోతూ చెప్పాడు. మామగారు చొక్కా చేతులు మడిచాడు. స్టేషన్ మాస్టరు కదా, నిమిషంలో పనంతా తన చేతిలోకి తీసుకున్నాడు. మొదటి మొక్క అల్లుడి గొయ్యిలోనే పెట్టాలన్నాడు. ముందు ఎరువు పడాలన్నాడు. సంచి చూపించారు. అల్లుడు పరుగెత్తి వచ్చేలోపే ఆయన దాన్ని గొయ్యిలోకి బోర్లించాడు.

ముక్కు లేని మామగారు గొయ్యిలోంచి ముక్కున్న మామగారిని చూశాడు. పారలు ఆగిపోయాయి.

"ఎరువన్నావు తమ్ముడూ," అన్నాడు డ్రైవరు మెల్లిగా.

అల్లుడు జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. దుమ్ము దులపడం, చెయ్యి జారడం, మొక్క పేరు చెప్పి గునపం అడగడం, ఏదీ దాచలేదు. తోట సంగతి తను కలలో కూడా అనుకోలేదని అందరికీ వినపడేలా ఒప్పుకున్నాడు. భార్య ముఖం వైపు చూసే ధైర్యం లేకపోయింది.

మామగారు గొయ్యి అంచున చతికిలబడి ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. "నేను వచ్చినప్పుడే దీన్ని బీరువా ఎక్కిస్తావనుకున్నాను. రోజూ ఉంచుతున్నావా అమ్మాయ్?" అన్నాడు.

"మీకు ఇష్టమని కదా నాన్నా, రోజూ తుడుస్తున్నాను."

"నాకా? దీన్ని చూసి మీ అమ్మ, ఎవరండీ ఈయన అని అడిగింది. ఇచ్చినవాళ్ళు వారం వారం ఇంటికొచ్చేవాళ్ళు. పారేయలేక నీ నెత్తిన పెట్టాను."

ఆమె తండ్రిని చూసింది, భర్తను చూసింది. "నేను కళ్ళు మూసుకుని తుడుస్తున్నాను," అంది.

ముందు నవ్వింది నర్సమ్మ. ఆ నవ్వు స్థలమంతా పాకింది. మామగారు నవ్వలేదు, గునపం అల్లుడికి అందించాడు. "ఇంకాస్త లోతు తవ్వండి అల్లుడుగారూ. ఇలాంటివాటికి పైకి తేలే గుణం ఉంటుంది."

నిమ్మ మొక్క అక్కడే నిలబడింది. అబద్ధంతో మొదలైన పనిని ఆ మనుషులు నిజం చేసి వదిలిపెట్టారు. వేసవంతా బిందెలతో, బక్కెట్లతో వంతులేసుకుని నీళ్ళు పోశారు, చెత్త తెచ్చినవాళ్ళను మర్యాదగా వెనక్కి పంపారు. మరుసటి వసంతానికి నర్సమ్మ కిటికీ తెరుచుకుని నిద్రపోతోంది. ఇప్పుడా వీధిలో ఎవరింట్లో ఏది పగిలినా, మర్నాటికల్లా తోటలో ఒక కొత్త మొక్క కనిపిస్తుంది.