మూడుసార్లు నొక్కే అలవాటు

విల్బర్ తికోనా చేసిన ద్రోహం గురించి ఎలియోదోరో చెప్పని మనిషి ఎల్ ఆల్తో ఊళ్ళో లేడు. ద్రోహమంటే మరేం కాదు, కంప్యూటర్ బాగుచేశాడు.

ఆ సోమవారం పొద్దున ఎలియోదోరో ఆలోచన చిన్నదే. తొమ్మిదింటికి నగరపాలక సంస్థ వెబ్‌సైటు తెరుచుకుంటుంది, ముందు నొక్కినవాళ్ళకే చోటు. సంతలో భార్య ఫెలిపా పంతొమ్మిదేళ్ళుగా మొక్కజొన్న జావ అమ్ముతున్న చోటును మళ్ళీ తమ పేర రాయించుకోవాలి. అది పోతే పొయ్యి పెట్టుకోడానికి వేరే దిక్కు లేదు. ఇంట్లో కంప్యూటరేమో ఒకసారి నొక్కితే వినే రకం కాదు. అందుకే అతను ఏదైనా మూడుసార్లు నొక్కుతాడు. ఏడేళ్ళ అలవాటు.

ఎందుకైనా మంచిదని, కూతురి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడూ కంప్యూటర్ల సంగతి తెలిసినవాడూ అయిన విల్బర్‌ను పిలిచాడు.

"దీనికి ముసలితనం కాదు బావా, బద్ధకం," అన్నాడు విల్బర్, నములుతున్న కోకా ఆకులు దవడన సర్దుకుంటూ. "మెమరీలో చోటుండగానే సరుకంతా డిస్కులోకి మోస్తోంది. కెర్నెల్‌లో, అంటే దీన్ని లోపల్నుంచి నడిపించే ప్రోగ్రాంలో, రెండు అంకెలు మార్చి అది మానిపిస్తా. తెర మీది పనికే మొదటి వంతు ఇప్పిస్తా."

"మోసుకోనీ. ఇవాళ్టికి పాడవకుంటే చాలు."

"చెయ్యనివ్వండి!" అంది వంటింట్లోంచి ఫెలిపా. "ఈయనక్కూడా అలాంటి అంకెలుంటే మార్చేసి వెళ్ళు అన్నయ్యా."

విల్బర్ మార్చాడు. తెర మీద బాణం నూనె రాసినట్టు జారింది. ఫెలిపా మురిసిపోయి, భూమితల్లికని నేల మీద నాలుగు చుక్కలు సారా చిలకరించింది.

తొమ్మిదయింది. ఎలియోదోరో ఊపిరి బిగబట్టి టకటకా మూడుసార్లు నొక్కాడు. మొదటి నొక్కుకు చోటు ఖాయమైంది. తక్షణం అదే జాగాలో "వదులుకుంటాను" అన్న మీట వచ్చింది. రెండోది దాని మీద పడింది. మూడోది "నిశ్చయంగా" మీద.

ఫోన్ చేస్తే గుమాస్తా మెచ్చుకుంది. "రెండో సెకనుకే వదిలేశారు. ఇంత చురుకైన మనిషిని మేం చూడలేదు."

"పొరపాటమ్మా!"

"నిశ్చయమేనా అని అడిగింది కదండీ."

"అడిగిందని తెలిసేలోపే చెప్పేశాను!"

"వరసలో తర్వాతున్నావిడకి వెళ్ళిపోయింది. నికోలాసా కెనాయా."

విల్బర్ పెళ్ళాం! ఎలియోదోరో పరుగున వాళ్ళింటికెళ్ళాడు.

"నేనూ మూడుసార్లే నొక్కాను అన్నయ్యా," అంది నికోలాసా. "మా దిక్కుమాలిన కంప్యూటర్ ఒక్క నొక్కే వింది. ఈయన ఇంట్లోది ఎన్నడైనా బాగుచేస్తేగా!"

ఇప్పుడు ఫెలిపా జావ బిందె వీపున కట్టుకుని బస్సుల చుట్టూ తిరుగుతోంది. మొగుడితో మాట్లాడదు. ఇంట్లో బాణం మాత్రం చక్కగా జారుతోంది.

పోయిన నేల: పొడవు రెండు మీటర్లు, వెడల్పు మీటరున్నర.