మధ్య పొర

ఆ రోజు ఫైర్‌మన్ పర్వతాలు పెట్టుకున్న పని ఒక్కటే. కొత్త కోటు తొడుక్కుని ఫైర్ స్టేషన్ మైదానంలో మంట పక్కన నిలబడాలి. నిప్పును ఆపే పై పొర, బయటి నీళ్లను రానివ్వకుండా లోపలి చెమటను పోనిచ్చే మధ్య పొర, ఒంటికి వేడి తగలనివ్వని లోపలి పొర ఉన్న కోటది. నమూనాగా ఒక్కటే వచ్చింది. దాన్ని జనానికి చూపించే కార్యక్రమానికి కాలేబు భార్య ప్రేమమణిని పిలిచారు. పర్వతాలుతో కలిసి పనిచేసిన కాలేబు కిందటి ఎండాకాలం ఒక గోదాము మంటలు ఆర్పుతూ పోయాడు.

పొద్దున్నే చిలకలగూడలోని తన డాబా ఎక్కిన పర్వతాలుకు తీగ మీద కోటు కనిపించింది. మల్లెపూల వాసన వేస్తోంది.

"నిన్న ట్రయల్‌ల పట్టిన పొగ కంపు కొడుతుంటే రాత్రి ఉతికిన. ప్రేమమణి ముందర నిలబడాలె గద! వాసన లిక్విడ్ సుత పోసిన," అంది భార్య సుమిత్ర గర్వంగా.

"ఆ లిక్విడ్ బట్టకు పట్టుకుంటే మంట అంటుకుంటదే!"

పర్వతాలు కోటు చంకలో పెట్టుకుని రెజిమెంటల్ బజార్‌లో లాండ్రీ నడిపే రాములు దగ్గరికి ఉరికాడు. "జెర ఈ వాసన పోగొట్టన్నా. కాలేబు ఇంటామె వస్తున్నది," అని అప్పజెప్పి, చాయ్ తాగి వచ్చాడు.

"వాసన పోయింది తమ్మీ. ఇంకో పని సుత చేసిన," అన్నాడు రాములు నవ్వుతూ. "కంపెనీవోళ్లు లోపల ప్లాస్టిక్ కవర్ మరిచిపోయిన్రు. కరకరమంటుంటే కుట్లిప్పి కోసి తీసేసిన. ఆమె ముందర మంచిగుండాలె గద!"

బల్ల మీద మధ్య పొర ముక్కలుగా పడి ఉంది. పర్వతాలు వాటిని అక్కడే వదిలేసి స్టేషన్‌కు ఉరికాడు.

చివరికి స్టేషన్ గదిలోంచి పాత రబ్బరు కోటు తీసి తొడుక్కున్నాడు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మైదానంలో మంట వేశారు. పైన మే నెల ఎండ. ఆఫీసర్ విజయేందర్ మైకు అందుకున్నాడు.

"చూడుండ్రి! ఇంత వేడిల మన పర్వతాలు ఎంత హాయిగ ఉన్నడో!"

హాయిగా ఉన్నవాడి కళ్లు బైర్లు కమ్మాయి. కాళ్లు తడబడ్డాయి. విజయేందర్ ఒక్క క్షణం తికమకపడి తేరుకున్నాడు.

"పాత కోటుతోని ఎంత తక్లీఫ్ అయితుండెనో యాక్టింగ్ చేసి చూపిస్తున్నడు!"

పర్వతాలు కూలిపోయాడు. చప్పట్లు మోగాయి. ప్రేమమణి ఒక్కతే లేచి పరుగెత్తింది. కోటు గుండీలు విప్పితే లోపలి ఆవిరి ఆమె చేతులకు కొట్టింది.

"అన్నయ్యా, ఒళ్లు కాలిపోతోంది! ఎవరైనా నీళ్లు తీసుకురండి!"

తల మీద నీళ్లు పడ్డాక పర్వతాలు కళ్లు తెరిచాడు. "ఇది పాతది చెల్లె. కాలేబు ఏసుకున్నసొంటిది. వానికి మంట తగల్లే. కోటు లోపటి వేడే వాన్ని తీసుకపోయింది."

"మరి గుండె జబ్బు?"

"ఏం జబ్బు? నా కంటే మస్తు ఉరికెటోడు."

"డాక్టర్లు గుండె ఆగిపోయిందన్నారు," అంది ప్రేమమణి. "ఆయన జబ్బు నా దగ్గర దాచాడనుకున్నాను అన్నయ్యా. నేను పరాయిదాన్నా అని ఏడాదిగా కోపం పెట్టుకున్నాను. సమాధి మీద ఒక్క పువ్వు పెట్టలేదు."

"వాడు నీ దగ్గర ఏం దాచలే చెల్లె."

ఆమె ఆ రబ్బరు కోటును మొహానికి అదుముకుని బిగ్గరగా ఏడ్చింది. చప్పట్లు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరికీ తెలియదు. సుమిత్ర జనంలోంచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. కాలేబు పోయిన రోజు గుడ్లప్పగించి చూసిన పర్వతాలు, ఇప్పుడు అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రం ముగ్గురూ పూలు కొనుక్కుని సమాధుల తోటకు వెళ్లారు. ప్రేమమణి చాలాసేపు ఆ రాయి పక్కనే కూర్చుని, ఏడాదిగా భర్తకు చెప్పని మాటలన్నీ చెప్పుకుంది.

ఇకపై ఇలాంటి కార్యక్రమాలు చలికాలంలోనే పెట్టాలని ఆఫీసర్లు తీర్మానించారు.