బోణీకి ఆరోగ్యవంతుడు కావలెను

తొండియార్‌పేట ఉచిత ఆరోగ్య కేంద్రానికి తాను దానమిచ్చిన మంచాన్నీ, బీపీ మిషన్‌నూ ప్రారంభించి, రాహుకాలం రాకముందే వాషర్‌మెన్‌పేట్‌లోని తన పసుపు కొట్టుకు చేరుకోవాలని కోదండరాం ఆ ఉదయం అనుకున్నాడు. పేదల సేవంటే ఆయనకు ప్రాణం, పత్రికలో ఫొటో పడే పక్షంలో.

రిబ్బను కత్తిరించడం కాగానే డాక్టరు జనని వరుసలో ముందున్న మంగను పిలిచింది. మంగ చేపలమ్ముకునే మనిషి. చలిజ్వరంతో తూలిపోతోంది. ఈ రోజైనా మందు పడకపోతే రేపు బుట్ట ఎత్తలేదు, ఇంట్లో పొయ్యి వెలగదు.

“ఆగమ్మా, ఆగు!” కోదండరాం చెయ్యి అడ్డం పెట్టాడు. “కొత్త మిషన్‌కి జబ్బు మనిషితో బోణీ ఏంది? ముందు ఆరోగ్యంగా ఉండే మనిషిని కూర్చోబెట్టు.”

“ఆరోగ్యంగా ఉండేవాళ్ళు ఈడికెందుకు వస్తారు సార్?” అంది జనని.

“నా పెండ్లాం వచ్చిందే! వాసవాంబా, నువ్వు కూర్చోమే.”

వాసవాంబ బీపీ నూట అరవై. “ఈయనతో కాపరం చేస్తే అంతే వస్తాది,” అంటూ ఆమె లేచింది. బావమరిది రఘురామ్ కూర్చున్నాడు. నూట ఎనభై.

“మిషన్ తప్పు చెప్తా ఉండాది బావా!” అని రఘురామ్ దానికి ఒక్కటిచ్చాడు.

మంగ గోడకు జారగిలబడింది. “అయ్యా, వణుకు తట్టుకోలేకుండా ఉండా. మాత్రన్నా ఇప్పించండి.”

“బోణీ కానీమ్మా, సీక్రం అయిపోతాది,” అని కోదండరాం పంతంగా తానే కూర్చున్నాడు. రెండు వందల పది. “నాకా?” అని అరవబోయి, చెమటలు పట్టి వెనక్కి వాలిపోయాడు. జనని చొక్కా విప్పించి, ఆయన దానమిచ్చిన మంచం మీదే పడుకోబెట్టింది.

“పెద్దాస్పత్రికి ఎత్తుకపోదాం!” అని వాసవాంబ గొల్లుమంది.

“రాహుకాలం వచ్చేసిందే! ఇప్పుడు బయల్దేరితే తిరిగి రాను,” అని మూలిగాడు కోదండరాం. ప్రాణం మీదికొచ్చినా పంచాంగం మాత్రం వదల్లేదు మహానుభావుడు.

ఇక జనని ఎవరి మాటా వినలేదు. ఆయనకు మాత్ర వేసి, మంగను పరీక్షించి మందిచ్చింది. వణుకుతున్న మంగకు కప్పడానికి ఇంకేమీ దొరక్క, దాతను సత్కరించడానికి తెచ్చిన జరీ శాలువా తీసి కప్పింది. వాసవాంబ, రఘురామ్ అప్పటికే తమ మాత్రల కోసం వరుసలో నిలబడ్డారు.

పత్రిక ఫొటోగ్రాఫరు అప్పుడు ఊడిపడ్డాడు. శాలువా కప్పుకున్నామెను పేరడిగి రాసుకున్నాడు, మంచం పక్కన నిలబెట్టాడు, చొక్కా లేని రోగి నుదుటి మీద ఆమె చెయ్యి వేయించాడు. కోదండరాం లేవబోతే జనని భుజం నొక్కి, “మాట్లాడకూడదు సార్,” అంది.

మర్నాడు పత్రికలో ఫొటో పెద్దదే పడింది. కింద, “నిరుపేద వృద్ధుడికి ప్రాణం పోసిన దాత మంగ” అని ఉంది. కోదండరాం పత్రికకు ఫోను చేసి, ఆ వృద్ధుడు తానేననీ, అసలు దాత కూడా తానేననీ, వెంటనే సవరణ వెయ్యాలనీ గొంతు చించుకున్నాడు.

ఈ స్థితిలో అంత ఆవేశం మంచిది కాదని, మంగగారి మంచి మనసును గుర్తుంచుకోమని చెప్పి వాళ్ళు ఫోను పెట్టేశారు.