మొదటి పేజీలో మరక

సోమవారం పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు ఓనరుగారి ఆలోచన చాలా చిన్నది. షాపు తెరవాలి, బావమరిది వచ్చాక బ్లాగు సంగతి తేల్చాలి, మధ్యాహ్నం ఓ కునుకు తీయాలి. అంతే.

ఆయనకు ఓనరుగారన్న పేరు పెట్టింది భార్యే. వాళ్ళ డ్రైక్లీనింగ్ షాపులో లోపలి పనంతా ఆవిడది. ఏ మరకకు ఏ మందు వేయాలో, ఏ బట్టను ఎంతసేపు నానబెట్టాలో ఆవిడకే తెలుసు. ఆయన కౌంటరు దగ్గర కూర్చుని రసీదులు రాస్తారు. "మీరు ఓనరుగారు, కదలకండి" అని ఒకసారి ఆవిడ ఏ విసుగులో అన్నదో గానీ, ఆ పేరు వీధంతా పాకింది. అందులో వెటకారం ఉందని ఇప్పటికీ ఆయనకు అనుమానం రాలేదు.

ఈ మధ్య ఎదురు వరసలో కొత్త లాండ్రీ ఒకటి తెరిచారు. ఫోనులో నొక్కితే ఇంటికే వచ్చి బట్టలు పట్టుకుపోతున్నారు. వీళ్ళ షాపులో హాంగర్లు ఖాళీగా ఊగుతున్నాయి. అప్పుడే కంప్యూటరు పాఠాలు చెప్పుకునే బావమరిది ఆదుకోవడానికి వచ్చాడు. మరకల మీద బ్లాగు రాస్తే జనం చదివి షాపు వెతుక్కుంటూ వస్తారన్నాడు. ఓనరుగారు సిరా మరకల మీద మూడు టపాలు రాశారు. వాటిని ఆయనా, బావమరిదీ తప్ప ఎవరూ చదవలేదు. భార్యను చదవమంటే, "సిరా మరకలు తీసేదాన్ని నేను, నన్నే చదవమంటారా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ ఆదివారమే ఊరెళ్ళింది. చిన్ననాటి స్నేహితురాలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుందట, నాలుగు రోజులు తోడుండి వస్తానంది.

బావమరిది వస్తూనే లాప్‌టాప్ తెరిచాడు.

"బావా, మన తప్పెక్కడుందో దొరికింది. సిరా మరకల గురించి ఎవడూ వెతకడం లేదు. జనం ఏం వెతుకుతున్నారో అదే రాయాలి. దాన్నే కీవర్డు అంటారు."

"ఏం వెతుకుతున్నార్రా?"

"రక్తపు మరకలు!" అన్నాడు బావమరిది ముఖం వెలిగిపోతుండగా. "బోలెడుమంది వెతుకుతున్నారు, తెలుగులో రాసినవాడు లేడు. మైదానం ఖాళీ. రాశామంటే సెర్చ్‌లో మొదటి పేజీ మనదే."

"అంతమందికి రక్తపు మరకలతో ఏం పనిరా?"

"అది మనకెందుకు బావా? మనకు కావలసింది ట్రాఫిక్."

మధ్యాహ్నం కునుకు మానుకుని ఓనరుగారు 'రక్తపు మరకలు జాడ తెలియకుండా తీయడం ఎలా?' అనే టపా రాశారు. బావమరిది పెదవి విరిచాడు. ఒక్క టపా చాలదు, వరస కావాలన్నాడు. దాంతో 'పరుపు మీద రక్తపు మరక', 'తివాచీ మీద రక్తపు మరక', 'కారు డిక్కీలో రక్తపు మరక' అని మరో మూడు పుట్టాయి.

"ఇందులో మనిషి కనబడటం లేదు బావా. సొంత అనుభవం ఉంటేనే సెర్చ్‌లో పైకి లేపుతారు. ఒక్క వాక్యం కలుపు."

ఓనరుగారు బాగా ఆలోచించి, మనసులో ఉన్న నిజమే రాశారు: 'మా ఆవిడ ఇంట్లో లేని సమయం చూసి ఈ పని నా చేతులతో నేనే పూర్తిచేశాను.'

"అద్భుతం!" అన్నాడు బావమరిది.

అయితే ఫొటో కూడా ఉండాలన్నాడు. ఓనరుగారు మాంసం కొట్టుకు వెళ్ళి సీసాలో రక్తం తెచ్చారు. మాంసం వద్దు, రక్తం చాలని ఆయన అంటుంటే కొట్టువాడు ఎగాదిగా చూశాడు. హాల్లో తివాచీ మీద కాస్త పోసి, ముందు ఒక ఫొటో తీసుకుని, మరకలు వదలాలంటే వేడి ఉండాలన్న గట్టి నమ్మకంతో ఓ బిందెడు మరిగే నీళ్ళు కుమ్మరించారు. మరక పోలేదు. ముదురు గోధుమరంగుకు తిరిగి, తివాచీలోనే పుట్టి పెరిగినట్టు స్థిరపడింది. భార్య వచ్చేలోగా దాన్ని మాయం చేయడం తప్ప మార్గం లేదు. మర్నాడు తెల్లవారుతూనే తివాచీని చుట్టి, తాడుతో కట్టి, భుజాన వేసుకుని, రొప్పుతూ కారు డిక్కీలోకి కుక్కారు.

మేడమీది పిన్నిగారు బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తూ ఇదంతా చూసింది.

"ఏం నాయనా, అంత బరువు మోస్తున్నావు? అమ్మాయి లేదా?"

"లేదండీ!" అన్నారు ఓనరుగారు ఉలిక్కిపడి. "అమ్మాయి... లేదు. ఇది పాతదైపోయిందండీ, వదిలించుకుంటున్నాను."

పిన్నిగారి చేతిలో మగ్గులోని నీళ్ళు కుండీ దాటి పక్కన పడ్డాయి.

ఆవిడ మంచిమనిషే. ఊరికే అనుమానించడం పాపమని, ముందు అమ్మాయికే ఫోన్ చేసింది. ఫోను మోగింది. కింద ఇంట్లో మోగింది. ఓనరుగారు వెతగ్గా వెతగ్గా వాషింగ్ మెషీన్ వెనక దొరికింది. భార్య ఫోను మర్చిపోయి వెళ్ళిందన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. ఆయన బయటికి వచ్చి తన ఫోనులో బావమరిదితో మొరపెట్టుకున్నారు.

"ఒరేయ్, ఆ స్నేహితురాలి నంబరు ఇందులో ఉంది గానీ ఇది తెరుచుకోవడం లేదు. మీ అక్క వేలు కావాలి... ఆఁ, వేలు చాలు, మనిషి అక్కర్లేదు. ఇప్పుడు దాని వేలు ఎక్కణ్ణుంచి తేను?"

మేడమీద బాల్కనీ తలుపు దబ్బున మూసుకుంది.

ఆ పూటే బావమరిది ఆ టపాలను వీధి గ్రూపులో పెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. నాలుగు బ్లాగులవాళ్ళు మనకు లింకిస్తే మన పరపతి పెరుగుతుందని, వాళ్ళకు మనమూ లింకివ్వాలని ఒప్పందాలు కుదుర్చుకున్నాడు. అలా ప్రతి టపా కిందా 'వీరిని కూడా దర్శించండి' అంటూ ముగ్గురు చేరారు. ఒకరు కత్తులకు పదును పెట్టేవారు. ఒకరు పెద్ద సైజు ఇనుపపెట్టెలు అమ్మేవారు. మూడోవారు బావులు తవ్వేవారు.

సాయంత్రానికి బావమరిది గాల్లో తేలుతున్నాడు.

"బావా! మొదటి పేజీ! మొదటి పేజీలో మొదటి వరస! కామెంట్లు చూడు, ఎలా పడుతున్నాయో."

ఓనరుగారు చూశారు. 'మీ ఆవిడ ఎక్కడ?' అని ఒకరు. 'డిక్కీలో ఏముంది?' అని ఒకరు. 'అమ్మగారు బంగారం లాంటి మనిషి' అని మాంసం కొట్టువాడు. వాటికింద బ్లాగు తరఫున జవాబు కూడా ఉంది: 'అదే సస్పెన్స్! తర్వాతి టపాలో తెలుసుకోండి.'

"ఈ జవాబెవడు రాశాడ్రా?" అని అరిచారు ఓనరుగారు.

"నేనే. ఆసక్తి నిలబెట్టాలి కదా!"

"ముందు అవన్నీ తీసెయ్యి! ఇప్పుడే!"

"తీసేస్తే ఆధారాలు చెరిపినట్టుంటుంది బావా. అయినా జనం ఎప్పుడో ఫొటోలు తీసి దాచుకున్నారు."

ఓనరుగారు లాప్‌టాప్ తన వైపు లాక్కున్నారు. తనే కూర్చుని, ఎవర్నీ అడక్కుండా, సూటిగా ఒక టపా రాశారు: 'నా భార్య క్షేమంగా ఉంది. ఎక్కడుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను.' చెప్పలేకపోవడానికి కారణం వీధి పేరు తెలియకపోవడమే గానీ, ఆ మాట రాయడానికి ఆయనకు సిగ్గేసింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది వ్యవహారం. అంతకుముందు టపాలన్నీ కలిపి చదివినవాళ్ళకంటే దాన్ని చదివినవాళ్ళే ఎక్కువ. ఒక నేరవార్తల బ్లాగువాడు అడక్కుండానే లింకిచ్చాడు.

"పైసా ఖర్చులేని లింకు బావా!" అన్నాడు బావమరిది చేతులు జోడించి.

బుధవారం షాపు ముందు జనం ఉన్నారు. ఎవరి చేతిలోనూ బట్టల మూట లేదు. లోపలికి తొంగిచూసి, ఓనరుగారు తలెత్తితే వెనక్కి తగ్గుతున్నారు. ఒకాయన మాత్రం ధైర్యంచేసి వచ్చి తన కోటు తిరిగిచ్చేయమన్నాడు, ఉతక్కపోయినా పరవాలేదన్నాడు. మర్నాడు పదకొండు దాటాక జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరూ, వెనకే ఓ కానిస్టేబులూ దిగారు.

"ఈ బ్లాగు మీదేనా?"

"నాదేనండీ. కానీ అందులో మాటలు సగం..."

"'నా చేతులతో నేనే పూర్తిచేశాను.' ఇది మీరు రాసిందేనా?"

"అది తివాచీ గురించండీ."

"తివాచీ ఎక్కడ?"

ఓనరుగారు మింగలేక కక్కలేక డిక్కీ వైపు చూపించారు. రెండు రోజులుగా దాన్ని ఎక్కడ పారేద్దామన్నా ఎవరో ఒకరు వెంట నడుస్తూనే ఉన్నారు మరి. కానిస్టేబులు తాడు విప్పి, తివాచీని షాపు ముందు పరిచాడు. నడిమధ్యలో పళ్ళెమంత మరక. జనంలోంచి "అయ్యో!" అన్న నిట్టూర్పు లేచింది. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావమరిది స్టూలెక్కి, ఫోను పైకెత్తి, అంతా లైవులో చూపిస్తున్నాడు.

"ఒరేయ్, దిగరా! నువ్వైనా చెప్పరా, మీ అక్క ఊరెళ్ళిందని!"

"ఒక్క నిమిషం బావా, చూసేవాళ్ళు పెరుగుతున్నారు."

"మీ భార్య ఏ ఊరెళ్ళారు? ఎవరింటికి? నంబరేది?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

ఊరి పేరు చెప్పగలిగారు. తర్వాతవి ఆయనకు తెలియవు. ఇన్నేళ్ళ కాపురంలో భార్య ఆ స్నేహితురాలి గురించి ఎన్నిసార్లు చెప్పిందో! ఒక్కసారైనా పూర్తిగా విననందుకు ఓనరుగారికి మొదటిసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"జీపెక్కండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెత్తగానే.

సరిగ్గా అప్పుడు జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, భుజాన సంచీతో ఒకావిడ ముందుకొచ్చింది. పోలీసులను చూడలేదు. భర్తను చూడలేదు. నేల మీదున్న తివాచీని చూసింది.

"ఎవరు చేశారీ పని?"

"అక్కా!" అని బావమరిది స్టూలు మీంచి జారాడు. పిన్నిగారు "అమ్మాయ్!" అంటూ అక్కడే కూలబడింది.

ఆవిడ ఎవర్నీ పట్టించుకోకుండా వంగి, మరకను గోటితో గీకి, వాసన చూసింది. తలెత్తి భర్తను చూసింది.

"రక్తమా? వేడినీళ్ళు పోశారు కదూ?"

"మరిగించి పోశాను" అన్నారు ఓనరుగారు సంతోషం పట్టలేక.

"రక్తానికి వేడి తగిలితే ఉడికి పట్టేస్తుందండీ! చల్లనీళ్ళు పోసుంటే అయిదు నిమిషాల పని. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందిట! ఇన్నేళ్ళుగా గుమ్మంలో కూర్చున్నారే, ఒక్కనాడైనా లోపలికి తొంగిచూశారా?"

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మిమ్మల్ని ఈయన చంపి, ఆ జాడ చెరిపేశాడని మాకు ఫిర్యాదు వచ్చింది."

"ఈయనా? జాడ చెరపడమా?" ఆవిడ తివాచీ వైపు చేయి చూపింది. "మీరే చూడండి. ఈయన చేసిందంతా జాడే."

ఇన్‌స్పెక్టరు తివాచీని చూశాడు, ఓనరుగారిని చూశాడు. ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదన్నట్టు టోపీ సర్దుకున్నాడు. ఆవిడ కానిస్టేబులు చొక్కా జేబు కింద సిరా మరకను అప్పటికే కనిపెట్టేసింది. "అది రేపు పట్రండి, ముదిరితే పోదు" అంది. జనం నెమ్మదిగా, ఏదో మోసపోయినట్టు చెదిరిపోయారు.

అందరూ వెళ్ళాక ఓనరుగారు ఆవిడ సంచీ అందుకున్నారు.

"ఫోను మర్చిపోతే ఎలా చెప్పు? నా ప్రాణం పోయిందనుకో."

"మర్చిపోలేదు, కావాలనే వదిలేసి వెళ్ళాను. నాలుగు రోజులు 'ఏమోయ్, నా కళ్ళజోడెక్కడ' అనే మాట వినకుండా ఉందామని."

ఓనరుగారు సంచీ భుజాన వేసుకుని ఆవిడ పక్కన నడిచారు. నాలుగడుగులు వేశాక, "ఆ స్నేహితురాలి కాలు ఎలా ఉంది? ఏ వీధిలో ఉంటుందన్నావు?" అని అడిగారు. ఆవిడ నడుస్తున్నదల్లా ఆగి, ఆయన ముఖంలోకి చూసి, వీధి పేరు చెప్పింది.

మర్నాడు పాత టపాలన్నీ తీసేయించి, ఆవిడే చెప్పగా ఓనరుగారు కొత్తది రాశారు, చల్లనీళ్ళతో మొదలుపెట్టి అన్నీ వరసగా, సరిగ్గా. రెండు రోజులు ఆగి బావమరిది లాప్‌టాప్ పట్టుకుని, దిగాలు ముఖంతో కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"లాభంలేదు బావా. అక్క బతికే ఉందని తెలిశాక జనానికి మరకల మీద ఆసక్తి పోయింది."