బండమీద మిరపకళ్ళం

రిజర్వు ఫారెస్టు కొండ కింది పెద్ద బండమీద ఉన్న గీతలు రెడ్డిరాజుల రథచక్రాలవని ప్రత్తిపాడు దాపు పల్లెల్లో అందరి నమ్మకం. దాన్ని పెంచి పోషించినవారు హైస్కూలు చరిత్ర మాస్టారు జయరావు గారు. 1959 మాఘమాసంలో, కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారు మీరా హుస్సేన్ ఆ నమ్మకానికి ఎసరు పెట్టాడు.

"అవి రథాలవి కావండీ. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ మంచు నదుల్లా కదిలింది. రాళ్ళను ఈడ్చుకుపోతూ గీసింది."

"ఇక్కడ మంచా! సోడాకొట్లో ఐసే మధ్యాహ్నానికి ఉండదు కదయ్యా!" అన్నారు జయరావు గారు.

స్టాఫ్ రూమంతా నవ్వింది. కాని బండ చూడడానికి వాల్తేరు నుంచి ప్రొఫెసరు శనివారం వస్తున్నాడని తెలిశాక జయరావు గారికి అన్నం సయించలేదు. ఇన్నాళ్ళూ ఏ ఇన్‌స్పెక్టరు వచ్చినా కొండకు తీసుకువెళ్ళింది తాను. ఇక ముందు నడిచేది నిన్నగాక మొన్న వచ్చిన హుస్సేనా?

మర్నాడు పొద్దున్నే ఆయన రైతు బాపయ్య మిరపకళ్ళానికి వెళ్ళారు.

"ఏం బాపయ్యా, కాయ ఆరిందా?"

"చోటేదండీ మాస్టారూ! సగం కాయ గోతాల్లోనే మగ్గుతోంది."

"కొండ కింద బండ లేదూ? పెనంలా కాలుతుంది. గార్డుతో నేను చెబుతాలే. ఆదివారం దాకా మాత్రం ఎత్తకు."

బాపయ్య పోశాడని ఊరంతా పోసింది. శనివారం నాటికి బండ ఎర్రగా మాయమైంది. జీపు దిగిన ప్రొఫెసరు తుమ్మాడు, డ్రైవరు దగ్గాడు, హుస్సేన్ ముఖం పాలిపోయింది.

"అయ్యో, గీతలు కనపడవేమో సార్!" అన్నారు జయరావు గారు, కళ్ళు తుడుచుకుంటూ.

అంతలో బాపయ్య పరుగున వచ్చాడు. "అంతా మాస్టారి చలవండీ! బండ చాలక పక్క మట్టి పారలతో లాగేశాం. కింద ఇంకా బోలెడు బండుంది. ఇప్పుడే పొయ్యబోతున్నాం!"

"ఆగండి!" ప్రొఫెసరు మోకాళ్ళమీద కూలబడ్డాడు. నడుముల్లోతు మట్టి కింద, నున్నటి రాతిమీద, గీతలన్నీ ఒకే దిక్కుకు సాగాయి. "పైవాటిని బండి చక్రాలవని కొట్టిపారేయొచ్చు. మట్టి కింద బళ్ళు నడవవుగా! ఇది మంచు పనే. ఇంతకీ తవ్వించిందెవరు?"

ఊరంతా జయరావు గారిని చూపించింది. ఆయన కండువా సవరించుకుని ముందుకు వచ్చారు.

"మీరు కాస్త ఆ గీత పక్కన నిలబడండి. అలాగే. కదలకండి," అని ప్రొఫెసరు కెమెరా తీశాడు.

మరుసటి ఏడు ఆ ఫొటో పత్రికలో అచ్చయింది. కింద ఇలా ఉంది: "ప్రాచీన హిమనదపు గీతలు. కనుగొన్నది మీరా హుస్సేన్. కొలత తెలియడానికి పక్కన ఒక మనిషి."