గోడ దాటని మెడనొప్పి

ఆ సోమవారం పొద్దున్న సిరిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనాల వేళ అందరూ క్యాంటీన్‌కు పోయాక, యూనివర్సిటీవాళ్లు సిబ్బంది కోసం కొత్తగా తెరిచిన ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, పట్టేసిన మెడ చూపించుకుని, గుట్టుచప్పుడు కాకుండా తిరిగి వచ్చేయాలి. అంతే.

అంత గుట్టెందుకంటే, పరీక్షల విభాగంలో హెడ్ క్లర్కు కుర్చీ ఖాళీ అయింది. పోటీలో ఉన్నది ఇద్దరే: సిరిల్, అతని పక్క బల్ల గణపతిరావు. శుక్రవారం నాడు బెంగాలీ రిజిస్ట్రారు ఘోషాల్ బాబు ఎవరో ఒకరి పేరు తేల్చేస్తారు. పరీక్షల పనంటే గొడ్డుచాకిరీ. మెడ తిప్పలేనివాణ్ణి తెచ్చి ఆ కుర్చీలో ఎవరు కూర్చోబెడతారు? అందుకే తాల్‌బగీచా పేటలో ఇంట్లో ఉన్న ఏంజలిన్‌కు కూడా చెప్పలేదు. పెళ్లాం మంచిదే. కాకపోతే ఆవిడ చెవిన పడిన మాట చర్చి స్త్రీల సమాజానికి ప్రార్థన మనవిగా చేరకుండా ఆగిన దాఖలా ఇంతవరకూ లేదు.

కేంద్రంలో అందరూ దీదీ అని పిలిచే నర్సు ఓపికగా చూసింది. రోజంతా కంప్యూటర్‌కేసి మెడ చాచి కూర్చోవడం వల్ల వచ్చిన నొప్పేనని చెప్పి, గంటకోసారి లేచి, కళ్లు మూసుకుని తల వంచి, చేతులు పైకెత్తి కాసేపు నిలబడమంది. ఇక్కడి మాట ఈ గోడ దాటదని అభయం కూడా ఇచ్చింది. సిరిల్ ప్రాణం కుదుటపడింది.

మర్నాడు గణపతిరావు టీ తాగి వచ్చేసరికి సిరిల్ బల్ల దగ్గర తల వంచి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. గణపతిరావు వర్క్‌షాపు కార్మికుడి కొడుకు, రైల్వే క్వార్టర్లలో కిరస్తానీల ఇళ్ల మధ్య పెరిగినవాడు. ఆఫీసు వేళలో మనిషి అలా దేవుణ్ణి వేడుకుంటున్నాడంటే అది చిన్న కష్టం కాదని అతనికి తెలుసు. పైగా నిన్న సిరిల్ ఆరోగ్య కేంద్రం మెట్లు దిగడం కళ్లారా చూశాడు. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాడు సిరిల్. గణపతిరావు తిన్నగా దీదీ దగ్గరికే పోయాడు. ఒకరి జబ్బు సంగతి ఇంకొకరికి ఒక్క ముక్క కూడా చెప్పనని ఆవిడ కరాఖండిగా అంది. జలుబైతే జలుబని చెప్పదా? అంటే ఇది పైకి చెప్పలేనంత పెద్ద జబ్బేనని గణపతిరావు తేల్చుకున్నాడు. వెంటనే ఏంజలిన్‌కు ఫోను చేశాడు.

"సెల్లెమ్మా, నువ్వు గుండె రాయి సేసుకోవాల."

"ఏటయినాది అన్నయ్యా?"

"ఏటని సెప్పను? ఆ దీదీకే నోట మాట రావట్లేదు."

సాయంత్రం ఏంజలిన్ మొగుణ్ణి నిలదీసింది. వట్టి మెడనొప్పేనని అతను ఒప్పుకున్నాడు. మెడనొప్పికి ఇంత దాపరికమా? ఆవిడ నమ్మలేదు. తనను ఏడిపించడం ఇష్టంలేకే అబద్ధమాడుతున్నాడని మురిసిపోయి, మరీ ఏడ్చింది. తెల్లారేసరికి మాట స్త్రీల సమాజం పెద్ద జ్ఞానరత్నమ్మకు చేరింది. బుధవారం, గురువారం ఉపవాస ప్రార్థన పెట్టారు. జబ్బేమిటో తెలియదు గనుక, ఎవరికి తోచిన జబ్బు పేరు వాళ్లు చెప్పి ప్రార్థించారు.

శుక్రవారం పొద్దున్నే జ్ఞానరత్నమ్మ సమాజాన్నంతా వెంటేసుకుని ఆఫీసుకే వచ్చేసింది. సిరిల్ వద్దు వద్దంటుండగానే అతణ్ణి కుర్చీలో కూలేసి, సరిగ్గా నొప్పి ఉన్నచోటే ఒంటి బరువంతా ఆన్చి చెయ్యి వేసింది. సిరిల్ కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. దేవా అని కేక పెట్టాడు. ఆమెన్ అన్నారు ఆడవాళ్లు. గొడవేమిటో చూద్దామని వచ్చిన ఘోషాల్ బాబు గుమ్మంలోనే ఆగిపోయారు.

కాసేపటికి ఆయన గదికి రమ్మని కబురొచ్చింది. కుర్చీ చేజారిందనుకుంటూ సిరిల్ లోపలికి వెళ్లాడు. అక్కడ గణపతిరావు ఎర్రబడ్డ కళ్లతో నిలబడి ఉన్నాడు. తన పేరు తీసేయమని అతనే అడిగాడట.

"కుర్సీ నువ్వే తీసుకో బావూ. నాను ఆగగల్ను. ఎన్నాల్లని..." అని నాలుక కరుచుకున్నాడు.

ఏ హోదాలో ఉండగా మనిషి పోతే ఇంటివాళ్లకు ఆ హోదా ప్రకారమే అన్నీ అందుతాయనీ, ఏంజలిన్ గురించి దిగులు పెట్టుకోవద్దనీ ఘోషాల్ బాబు బెంగాలీలో మెల్లగా చెప్పారు. తను పోతాడనే వీళ్లంతా అనుకుంటున్నారని సిరిల్‌కు అప్పుడు అర్థమైంది. వట్టి మెడనొప్పే సార్ అన్నాడు. ఆ ధైర్యానికి చలించిపోయి ఘోషాల్ బాబు కళ్లజోడు తుడుచుకున్నారు. మళ్లీ చెప్పడానికి సిరిల్ నోరు తెరిచాడు గానీ, అప్పటికే సంతకమైన ఆర్డరు కాగితం బల్ల మీద కనిపించింది. నోరు మూసుకుని దండం పెట్టాడు.

హెడ్ క్లర్కు కుర్చీకి వీపు ఎత్తుగా ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చున్నాక మెడనొప్పి ఉన్న జాడ కూడా లేకుండా పోయింది. ఆదివారం చర్చిలో లేచి, జబ్బు నయమైందని సాక్ష్యం చెప్పమని జ్ఞానరత్నమ్మ పట్టుబడుతుంటే, ఇంకా కాస్త ఉందమ్మా అని తప్పించుకుంటున్నాడు.

గణపతిరావు మాత్రం ఇప్పటికీ రోజూ పొద్దున్నే వచ్చి, కుర్చీ పక్కన నిలబడి, నిజంగా ప్రేమతోనే అడుగుతాడు. "ఒల్లెలాగుంది బావూ?"

సిరిల్‌కు సిగ్గుతో తల వాలిపోతుంది. "బాగానే ఉంది బావూ. ఏటీ అనుకోకు."

సిబ్బందిలో ఒకడి మెడనొప్పి పోతే, దాని చోట వాడి మనసులో నొప్పి మొదలవుతుందన్న సంగతి ఆరోగ్య కేంద్రంవాళ్లు ఇంకా కనిపెట్టలేదు.