ప్రమాణ సైనికుడు నిలబడిన కొండ

నాగరికత అంటే మరేమీ కాదు, ఎవరి చోట వాళ్లు పడిపోకుండా నిలబడగలగడం. ఈ సత్యాన్ని లోకంలో మొట్టమొదట కాగితం మీద పెట్టి, మూడు ప్రతులు తీసి, ముద్ర వేసిన ఘనత బల్లయుద్ధ క్రీడా సంఘం వారి భూతల ఉపసంఘానికే దక్కుతుంది.

సంఘం పని తేలికైనదే. పెద్ద బల్ల మీద బొటనవేలంత సైనికులను ఇరుపక్షాలా నిలిపి, టేపుతో కొలిచి ముందుకు జరుపుతూ, పాచికలు వేసి చంపుకుంటారు. (సభ్యులంతా నెమ్మదస్తులు. దారిలో చీమ కనిపిస్తే పక్కకు తప్పుకునే రకం.) ఆ బల్ల మీది కొండలూ ఇళ్లూ చెట్లూ సభ్యులే చేసి తెస్తారు. సైనికుడు నిలవని కొండ ఎంత ముచ్చటగా ఉన్నా బల్ల ఎక్కరాదని పద్నాలుగో నిబంధన. నిలుస్తాడో లేదో తేల్చేది భూతల ఉపసంఘం.

మెట్ల మేస్త్రీ ఆ సంఘంలో చేరి మూడేళ్లయింది. నలభై ఏళ్లు తాపీపని చేసి, అందులోనూ మెట్లే కట్టి, మోకాళ్లు అరిగాక పని మానుకున్నవాడు. ఆయన కట్టిన మెట్టు మీద గోళీ పెడితే పెట్టినచోటే ఉంటుందని పేరు. చేసిన రెండు కొండలూ ఉపసంఘం నుంచి తిరిగొచ్చి అటకెక్కాయి. మూడోది ఈ ఆదివారం వార్షిక పోటీలో బల్ల మీద ఉండి తీరాలని పట్టుబట్టాడు. నాలుగు నెలలుగా ఆ కొండ భోజనాల బల్లను ఆక్రమించుకుని ఉండడంతో మొగుడూ పెళ్లాలు కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు.

"ఇదీ వెనక్కొచ్చిందంటే దాన్నీ మిమ్మల్నీ కలిపి అటకెక్కిస్తా," అంది భార్య.

కొండ మాత్రం కొండే. థర్మాకోలు పలకలు పేర్చి, సున్నం పట్టించి, రంపపు పొట్టుకు పచ్చరంగు వేసి చల్లాడు. దూరం నుంచి చూస్తే నున్నటి వాలు. దగ్గరికొస్తే వాలులో కలిసిపోయిన పన్నెండు చదునులు, ఒక్కొక్కటి మూడు వేళ్ల వెడల్పు. సైనికులను జరిపే వేళ్లకు అడ్డమొస్తే చెట్లను పీకి పక్కన పెట్టొచ్చు. కొండమీది బొమ్మ ఇంటి పైకప్పు మూతలా ఊడొస్తుంది.

శుక్రవారం ఉదయం సంఘం ఆఫీసులో పరీక్ష. ఉపసంఘం కార్యదర్శి స్వయానా మేస్త్రీ బామ్మర్ది. (ఇంట్లో "బావా" అంటాడు. ఆఫీసులో "దరఖాస్తుదారుగారూ" అంటాడు. గుమ్మంలో ఎదురైతే ఏమీ అనడు.) ఇద్దరు సభ్యులు మఖమలు పెట్టెలో ప్రమాణ సైనికుణ్ణి మోసుకొచ్చారు. అధ్యక్షులవారు ఒక కప్పు టీ తాగేంతసేపు ఆ సైనికుడు నిలబడితే ఆ చోటు చదునైనట్టు లెక్క.

అయిదేళ్ల కిందట అధ్యక్షులవారు పొరపాటున ఆ సైనికుడి మీద కూర్చున్నారు. అప్పటినుంచి అతని అడుగుబిళ్ల ఒక పక్కకు వంగి ఉంది. (మినిట్సులో అధ్యక్షులవారు కూర్చున్నట్టు మాత్రమే ఉంది. దేనిమీదన్నది లేదు.)

పన్నెండు చదునుల మీద పన్నెండుసార్లు పడ్డాడు. ఒక్కసారీ టీ మొదటి గుక్క దాటలేదు.

"కొండ వాలుగా ఉందండీ, దరఖాస్తుదారుగారూ," అన్నాడు కార్యదర్శి.

మేస్త్రీ జేబులోంచి జానెడు రసమట్టం తీసి చదును మీద పెట్టాడు. గాజుగొట్టంలో బుడగ సరిగ్గా నడుమ ఆగింది.

"బుడగ ఎక్కడుందో చూడరా."

"బుడగకు సభ్యత్వం లేదండీ."

"ఆ బొమ్మ అడుగే వంకరపోయింది. ఇటివ్వు, రెండు నిమిషాల పని."

అధ్యక్షులవారు కప్పును తమ రాతబల్ల మీద పెట్టారు. "ప్రమాణాన్ని సరిచెయ్యాలంటే దాన్ని పోల్చుకోడానికి ఇంకో ప్రమాణం ఉండాలి మేస్త్రీ. మనకున్నది ఒక్కడే."

"పోనీ, మీ బల్ల మీద నిలబెట్టండి."

నిలబెట్టారు. పడ్డాడు. ఉపసంఘం అక్కడికక్కడే సమావేశమై, ఆ బల్ల ఇన్నాళ్లూ వాలుగా ఉన్నదని విచారంతో గుర్తించి, నిబంధనల పుస్తకాలు నాలుగు మడిచి ఒక పక్క కాళ్ల కింద పెట్టింది. సైనికుడు నిలబడ్డాడు. అధ్యక్షులవారి కప్పు జారి కింద పడింది. (కప్పుకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు.)

"ఏమంటాడు మా తమ్ముడు?" అంది భార్య, కొండ తిరిగి భోజనాల బల్ల ఎక్కుతుంటే చూస్తూ.

"కొండ వంకరంటాడు."

"వంకరా?"

"కాదు."

"మరి మీరేమన్నారు?"

మేస్త్రీ సన్న ఉలి తీసుకుని కూర్చున్నాడు. ప్రతి చదునునూ ఎడమవైపు బియ్యపుగింజ మందాన చెక్కాడు. నలభై ఏళ్లలో ఆ చేత్తో తెలిసి చేసిన మొదటి వంకర అది. దానికీ పన్నెండుసార్లు కొలత తీశాడు, వంకరైనా అన్నిచోట్లా ఒకే వంకర ఉండాలని. భార్య వంట ముగించుకుని వచ్చి చూసి, రసమట్టాన్ని పొట్టు దులిపి సొరుగులో పెట్టింది.

శనివారం మళ్లీ పరీక్ష. అధ్యక్షులవారు పన్నెండు కప్పులు తాగారు. "ఈ కొండ సమతలంగా ఉన్నదని ధ్రువీకరించడమైనది" అని రాసి ముద్ర వేశారు.

ఆదివారం పోటీ. కొండ బల్ల నడుమ కూర్చుంది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. రెండు సైన్యాలూ రెండువైపుల నుంచీ కొండెక్కి, ఎక్కినవాళ్లు ఎక్కినట్టే ఎడమవైపుకు జారి, ఒకరిమీద ఒకరు కుప్పగా పడ్డారు. పాచిక ఒక్కసారైనా వేయకుండానే యుద్ధం పద్దెనిమిది నిమిషాల్లో ముగిసింది.

విచారణ జరిగింది. కొండకు ధ్రువపత్రం ఉంది. కాబట్టి లోపం సైనికులది. సభ్యులందరూ నెల రోజుల్లోగా తమ సైనికుల అడుగుబిళ్లలను ప్రమాణానికి అనుగుణంగా సరిచేయించుకోవాలని ఉత్తర్వు వెలువడింది. సరిదిద్దే అధికారిగా మెట్ల మేస్త్రీని నియమించారు. ఆ వంకర కచ్చితంగా ఎంతో తెలిసినవాడు ఆయనొక్కడే మరి.

మర్నాటి నుంచి ఇంటిముందు వరస. భోజనాల బల్ల నిండా వాళ్లూ వీళ్లూ తెచ్చిన సైనికులు. కంచాలు ఒళ్లోనే ఉండిపోయాయి. మొదటి వారం మేస్త్రీ ఒక్కొక్క బిళ్లనూ అరగదీసే ముందు సొరుగు వైపు చూసేవాడు. రెండో వారం నుంచి చూడలేదు. కార్యదర్శి వచ్చి, "బావా, నువ్వు లేకపోతే సంఘం ఏమైపోయేదో," అన్నాడు. ఆ మాటకు అక్క తమ్ముడికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

నెలాఖరున కొత్తగా చేరిన దర్జీ ఒకాయన ఒకే ఒక్క సైనికుణ్ణి తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. సైనికుడు కుదురుగా నిలబడ్డాడు.

"నిటారుగానే ఉన్నాడు కదండీ, మేస్త్రీగారూ?"

మేస్త్రీ వంగి, బల్ల అంచుకు గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు.

"లేదండీ. కాస్త వంకరున్నాడు," అని ఆకురాయి అందుకున్నాడు.